దీపం తోమిన రోజులు

జూన్ 3

ముందుగది ఈ రోజుతో ఆఫీసయింది. సోఫా పడకగదిలోకి వచ్చింది. ఇక మంచం ఎక్కాలంటే సోఫా చుట్టూ ప్రదక్షిణ చేయాల్సిందే. ముందుగదిలో ఆయన బల్ల, పుస్తకాల బీరువా, వచ్చేవాళ్ల కోసం నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. బోర్డు రాసినతను 'అడ్వకేట్' చిన్నగా, 'క్రిమినల్' పెద్దగా రాశాడు. వీధి చివర నుంచి చూస్తే ఆయన పేరు, దాని కింద క్రిమినల్ అన్న ముక్క మాత్రమే కనబడుతున్నాయి. చెబితే ఆయన నవ్వలేదు.

దేవుడి అలమర కూడా లోపలికి మార్చేద్దామన్నారు.

"రేపటి నుంచి ఇక్కడికి వచ్చేది దొంగలూ, తలలు పగలగొట్టేవాళ్లూ. అమ్మ ఇచ్చిన వెండి దీపం వాళ్ల కళ్లెదురుగా ఎందుకు?"

"దేవుడికి లేని అభ్యంతరం మనకెందుకండీ? తప్పు చేసినవాడికే గదా ఆయనతో ఎక్కువ పని" అన్నాను.

అలమర ముందుగదిలోనే ఉంది.

ఇరవై రెండేళ్లు సర్కారు వకీలుగా ముద్దాయిలకు శిక్షలు వేయించారు. ఇప్పుడు అదే ముద్దాయిల తరఫున, ఒంటరిగా, ఈ వయసులో. గుమాస్తా లేడు. పదో తరగతి చదివిన నేనే గుమాస్తాను. సర్కారు ఉద్యోగం ఆయనే వద్దనుకున్నారు.

జూన్ 6

ఎవరూ రాలేదు.

జూన్ 7

ఎవరూ రాలేదు. పాలవాడు వచ్చాడు. గేటు చప్పుడు విని ఆయన కోటు వేసుకున్నారు.

జూన్ 11

మా ఆడపడుచు ఫోన్ చేసింది.

"వదినా, దొంగలకు కుర్చీలు వేసి కూర్చున్నారటగా!"

"కుర్చీలు ఖాళీగానే ఉన్నాయమ్మా."

"ఉండవా మరి! ఈ ఊళ్లో సగంమందిని లోపల వేయించింది అన్నయ్యే. పులి వచ్చి మేకలకు ఆసుపత్రి పెడితే ఏ మేక వస్తుంది వదినా?"

నవ్వాను. ఫోన్ పెట్టేశాక ఆయన వైపు చూస్తే నవ్వు రాలేదు. పాత కేసుల పుస్తకం తెరిచి పెట్టుకుని కిటికీలోంచి వీధిని చూస్తున్నారు.

జూన్ 13

ఇద్దరు మోటారుసైకిలు మీద వచ్చారు. ఒకడి తలకు కట్టు. పాపం, వచ్చి కూర్చున్నారో లేదో ఆయన మొదలుపెట్టారు. "ఆ సాయంత్రం ఎక్కడున్నావు? ఎవరు చూశారు? అబద్ధమాడకు, మొహంలో కనబడుతోంది." సాయం కోసం వచ్చినవాళ్లను బోనులో నిలబెట్టినట్టు నిలబెట్టారు. మంచినీళ్లు ఇవ్వబోతే గ్లాసు కూడా అందుకోకుండా లేచారు. "ఇంతకంటే పోలీసులే నయం రా" అని గేటు దగ్గర ఒకడు రెండోవాడితో అన్నాడు. అది ఆయనకు వినబడలేదనుకుంటా.

వాళ్లు ఉన్నంతసేపూ, నీళ్లివ్వడానికి లేచినప్పుడు తప్ప, నేను దీపం లోపల పెట్టుకుని తోముతూ కూర్చున్నాను. మసి పట్టింది.

జూన్ 18

మొదటి కేసు వచ్చింది. దేవుడి దయ.

రెండు వీధుల అవతల బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడ. ముంజేతి మీద ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చలు. గుమ్మంలోనే నిలబడి, "అయ్యగారున్నారామ్మా?" అంది. ఆవిడ భర్త సెల్‌ఫోన్లు అమ్మే కొట్టుకు కాపలా ఉంటాడట. కొట్లో ఫోన్లు పోయాయి. తలుపు పగలలేదు. తాళం ఉన్నది ఇతని దగ్గరే గనుక ఇతన్నే పట్టుకుపోయారు.

"పైగా మావాడు పాత దొంగేనమ్మా. తొమ్మిదేళ్ల కింద రాగితీగ తీశాడు. తీయలేదని అనను. అప్పుడు జైల్లో వేయించింది ఈ అయ్యగారే."

మంచినీళ్ల గ్లాసు అందిస్తూ అడిగాను.

"మరి ఆయన దగ్గరికే వచ్చావేమ్మా?"

"తాళం వేసిన చేతికే గదమ్మా తీయడం తెలిసేది."

ఆయన లోపలి నుంచి విన్నారు. బయటికి వచ్చి కూర్చుని, మొదటిసారి, గొంతు పెంచకుండా మాట్లాడారు.

వెళ్లేముందు ఆవిడ మా దీపానికి దణ్ణం పెట్టింది. "రోజూ పొద్దున బొగ్గులు రాజేసేముందు ఒకసారి వచ్చి దణ్ణం పెట్టుకోనా అమ్మా? మా గదిలో దీపం పెడితే గాలికి ఆగదు" అంది. రమ్మన్నాను. ఎవరి ఇల్లని వద్దంటాను? దీపం దేవుడిది.

జూన్ 21

చాలాకాలం తర్వాత నేను మళ్లీ జడ్జినయ్యాను.

పెళ్లయిన కొత్తలో మొదలైన అలవాటు ఇది. మర్నాడు కోర్టులో చెప్పాల్సింది ఈ రోజు నా ముందు చెబుతారు. నేను కూరగాయలు తరుగుతూ వింటాను. చివర్లో "జడ్జిగారూ, ఏమంటారు?" అంటారు. "శిక్ష వేశాను" అంటాను నేను. అన్నేళ్లూ అదే మాట.

ఈ రోజు ఆయన బెయిల్ కోసం వాదించారు. ముద్దాయికి ఇల్లూ వాకిలీ ఉన్నాయి, పారిపోడు, కేసు తేలేదాకా బయట ఉండనివ్వాలి అని. పూర్తి కాకముందే తల ఊపేశాను.

"ఇంకా చెప్పలేదు, అప్పుడే ఇచ్చేశావా?"

"ఇచ్చేశానండీ. ఆ ఇస్త్రీ అమ్మాయి మొహం గుర్తొచ్చింది."

"నీలాంటి జడ్జి ఉంటే జైళ్లు సత్రాలవుతాయి" అని విసుక్కున్నారు. కాసేపటికి మళ్లీ ఆయనే, "విచిత్రంగా ఉందోయ్. నేను సర్కారు పక్షాన వాదించినన్నాళ్లూ ఒక్కడినైనా వదిలిపెట్టమన్నావా నువ్వు?" అన్నారు.

"మీరు రెండోవాడి మాట ఒక్కసారైనా వినిపించారా నాకు?"

అంత మాట అనాలని కాదు. బీన్స్ తరుగుతుంటే నోటికొచ్చింది. ఆయన కాగితాలు సర్దుకుని లోపలికి వెళ్లిపోయారు. ఆ తర్వాత అవి నేనెందుకు తరుగుతున్నానో కూడా తోచలేదు. భోజనం ఎవరికీ సయించలేదు.

ఆ రోజుల్లో పొద్దున్నే ఆయన కోర్టుకు బయల్దేరగానే దీపం ముందు నిలబడి, ఆయన పని సఫలం చేయమని మొక్కేదాన్ని. ఆ పని ఏమిటో దేవుడికి తెలుసు. ఇప్పుడేమో అదే దేవుణ్ణి, అదే దీపం ముందు, విడిపించమని అడుగుతున్నాను. ఆయన ఏమనుకుంటాడో.

జూన్ 25

బెయిల్ వాయిదా పడిందట. ఆయన చెప్పారు. తలనొప్పిగా ఉందని పడుకున్నారు.

జూన్ 26

వాయిదా పడలేదు.

పొద్దున ఇస్త్రీ ఆవిడ దణ్ణం పెట్టుకుని, అలమర పక్కనే కింద కూర్చుని చెప్పింది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆవిడకే తెలియలేదు.

"అయ్యగారు బాగానే లేచారమ్మా. ఎటు నిలబడాలో అటు నిలబడలేదు. తిన్నగా సర్కారు వకీలు పక్కకు వెళ్లారు. నోరు తెరిచి ఏమన్నారో తెలుసా? 'ఈ ముద్దాయికి పాత నేరచరిత్ర ఉంది, బెయిల్ ఇస్తే సాక్షుల్ని బెదిరిస్తాడు' అన్నారు! గడగడా! ఆపేదాకా ఆపలేదు! హాలంతా గొల్లుమంది. జడ్జి కళ్లద్దాలు తీసి, 'లాయరుగారూ, మీరెవరి వైపండీ?' అన్నాడు. తర్వాత అయ్యగారు ఎంత చెప్పినా ఎవరూ వినలేదమ్మా. ఇవ్వనన్నారు."

ఇరవై రెండేళ్లు తిరిగిన నోరు. దానికి మాత్రం ఏం తెలుసు.

ఇంకో లాయరును చూసుకోమని నేనే అన్నాను. తలెత్తలేక అన్నాను.

"ఎక్కడికి పోనమ్మా? ఆ నోరు జారితేనే మావాడి బెయిల్ ఎగిరిపోయింది. ఆ నోట్లో అంత బలముంది. దాన్ని ఇటు తిప్పండి చాలు."

జూన్ 27

ఆ మాట జారకపోయినా బెయిల్ వచ్చేది కాదు. పాత శిక్ష ఉంది కదా. ఎలాగూ వచ్చేది కాదు.

జూలై 1

ఎలాగూ వచ్చేది కాదు.

కొత్త సంగతేదైనా ఉంటేగానీ మళ్లీ అడగడానికి వీల్లేదట. లేకపోతే అసలు కేసు తేలేదాకా, ఏడాదో రెండేళ్లో, అతను లోపలే. ఆయన ఆ కాగితాల్ని మళ్లీ మళ్లీ చదువుతున్నారు. బోర్డు తీయించేయమంటావా అని అడిగారు ఈ రోజు. టీ ఇచ్చాను. మోకాళ్లు లాగుతున్నాయి. ఆ ఉద్యోగంలో సర్కారువాళ్లు ఆయన్ను ఇంకో మూడేళ్లు కొనసాగించి ఉంటే ఈ పాట్లు ఉండేవి కావు. వాళ్లు ఆయన శిష్యుడికే ఆ కుర్చీ ఇచ్చారు. కుర్రవాడు. మా ఇంట్లో ఎన్నిసార్లు భోంచేశాడో.

దేవుడా, కోపం వద్దు నాకు. ఓపిక ఇవ్వు చాలు.

జూలై 3

పొద్దున కాఫీ తాగి ఆయన అన్నారు కదా, "నాలో సర్కారు వకీలు ఇంకా చావలేదోయ్. వాణ్ణి ముందు ఇంట్లోనే కక్కేయకపోతే కోర్టులో మళ్లీ లేస్తాడు. ఈ రోజు పాత పద్ధతిలోనే వాదిస్తాను. నువ్వు కూర్చో."

బీన్స్ ముందేసుకుని కూర్చున్నాను. అబ్బ, ఏం గొంతు! ఎన్నాళ్లయిందో ఆ గొంతు విని. "ఇతను అలవాటుపడ్డ దొంగ! ఇలాంటివాడి చేతిలో తాళం పెట్టడమంటే పిల్లి మెడలో పాలచెంబు కట్టడమే!" బల్ల అదురుతోంది. నాకు ఒక పక్క భయం, ఒక పక్క సంతోషం. మనిషి మళ్లీ మనిషిలా ఉన్నారు.

ఇంతలో గుమ్మంలో ఇస్త్రీ ఆవిడ. దణ్ణం పెట్టుకోవడానికి వచ్చింది. అంతా వింటోంది. ఆయనకు చేత్తో సైగ చేశాను. ఆయన వెనక్కి తిరిగారు గానీ ఆగలేదు. కళ్లు కోర్టులో ఉన్నాయి. ఆవిడ వైపు వేలు చూపించి అడిగారు.

"నువ్వు చెప్పు! తను జైలుకెళ్లొచ్చానని నీ మొగుడు ఆ కొట్టు యజమానికి చెప్పాడా? చెబితే ఎవడైనా పనిలో పెట్టుకుంటాడా? దాచిపెట్టి చేరాడు. అవునా కాదా?"

"చెప్పాడు."

"ఎప్పుడు?"

"చేరిన రోజే. షట్టరు తాళం చేతికిస్తుంటే, 'ఇది విన్నాక కూడా ఇవ్వాలనిపిస్తే ఇవ్వండయ్యా' అని అంతా చెప్పాడు. నేను పక్కనే ఉన్నా."

"యజమాని ఏమన్నాడు?" ఆయన గొంతు తగ్గింది.

"'తుప్పు పట్టిన తాళం ఇది, తిప్పేటప్పుడు కాస్త పైకెత్తి తిప్పాలి' అని చూపించాడు."

ఆయన కుర్చీలో కూర్చుండిపోయారు.

"ఈ ముక్క నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"మీరడగలేదు గదయ్యా."

ఆయన నా వైపు చూశారు. నేను బీన్స్ వైపు చూశాను.

మధ్యాహ్నం ఆ యజమాని దగ్గరికి వెళ్లారు. నడిచే వెళ్లారు, గొడుగు కూడా తీసుకోకుండా.

జూలై 8

పెళ్లయిన ఇన్నేళ్లకు ఈ రోజు మొదటిసారి కోర్టు చూశాను. ఆయనే రమ్మన్నారు. "ఎడమ పక్క మొదటి బెంచీలో కూర్చో. నిన్ను చూస్తే నేనెటు నిలబడాలో తెలుస్తుంది" అన్నారు. ఆనవాలుగా ఒక మైలురాయిని పెట్టుకున్నట్టు.

ఇన్నాళ్లూ నా ఊహలో కోర్టంటే గుడంత పెద్దది. చూస్తే రైల్వేస్టేషనులా ఉంది. ఫ్యాను ఒకటే తిరుగుతోంది. బెంచీలకు సిరా మరకలు. ఇస్త్రీ ఆవిడ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఇస్త్రీపెట్టె పట్టిన ఆ చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది.

కేసు పిలిచారు. ఆయన లేచారు. కాళ్లు సర్కారు వకీలుండే కుడివైపే వెళ్లాయి. శిష్యుడు గభాలున లేచి, పాత మర్యాద కొద్దీ, "రండి సార్" అని కుర్చీ కూడా జరిపాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఒళ్లో ఉన్న భోజనం సంచీ కాస్త పైకెత్తాను. ఆయన చూశారు. ఇటు వచ్చారు.

శిష్యుడు బాగానే వాదించాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నాడని. "ఇతను అలవాటుపడ్డ దొంగ. ఈ మాట నాది కాదు. తొమ్మిదేళ్ల కింద నా గురువుగారే ఇదే హాల్లో అన్నారు. ఆ తీర్పు ఇదిగో."

మా ఆయన అన్నారు: "అన్నాను. ఆ కేసు నేనే గెలిచాను. అప్పుడతను దొంగే. ఆ సంగతి తనంతట తనే చెప్పి ఈ పనిలో చేరాడు. విన్నాక కూడా యజమాని తాళం ఇచ్చాడు. ఆరేళ్లు ఆ తాళం ఇతని దగ్గరే ఉంది. నా మాట తొమ్మిదేళ్ల నాటిది. ఆయన నమ్మకం మొన్నటిదాకా ఉన్నది. రెండింట్లో ఏది తాజాదో తమరే చూడండి."

నా ముందు ఒక్కసారి కూడా అనని మాటలు.

యజమాని వెనక బెంచీలోనే ఉన్నాడు. జడ్జి లేపి అడిగాడు.

"ఇతను జైలుకెళ్లొచ్చాడని మీకు తెలుసా?"

"తెలుసండీ. మొదటిరోజే చెప్పాడు."

"అయినా పెట్టుకున్నారా?"

"పెట్టుకున్నానండీ."

"ఇప్పుడు మీకు అనుమానం ఉందా?"

అతను నేల చూశాడు. "పోలీసులకు ఉందండీ" అన్నాడు.

బెయిల్ ఇచ్చారు. వారానికోసారి స్టేషన్లో సంతకం పెట్టాలి. పూచీ నిలబడటానికి ఇస్త్రీ ఆవిడ అన్న వచ్చాడు. కేసు ఇంకా నడవాలి. అతను తీశాడో లేదో దేవుడికే తెలుసు. ఆయనను అడిగితే, "అది నా పని కాదు" అన్నారు. వెంటనే, "తీయలేదనుకుంటా" అన్నారు.

బస్సులో నా భుజం మీద తల వాల్చి నిద్రపోయారు. మా స్టాపు దాటిపోయింది. లేపలేదు.

జూలై 9

నాలుగు కుర్చీల్లో మూడు నిండాయి. టీ గ్లాసులు కడిగి కడిగి వేళ్లు నానిపోయాయి. ఆడపడుచుకు ఫోన్ చేసి చెప్పాను. "మేకలు వస్తున్నాయన్నమాట!" అంది. మనుషుల్లో మంచిని నమ్మాలమ్మా అన్నాను. దేవుడు నమ్మలేదా మనల్ని.

జూలై 11

రేపు మావాణ్ణి తీసుకొస్తానని ఇస్త్రీ ఆవిడ నిన్నే చెప్పింది. పొద్దున్నే దీపం లోపల పెట్టాను. తోముదామని.

వచ్చారు. సన్నటి మనిషి. చొక్కా మడతలు కత్తిలా ఉన్నాయి. ఆవిడే చేసి ఉంటుంది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. ఆయనకు నమస్కారం పెట్టి, నా వైపు తిరిగి, తర్వాత అలమర వైపు తిరిగాడు. దేవుడి పటం ముందు దీపం ఉండేచోట గుండ్రటి నూనె మరక.

"అమ్మా, దీపం ఏది?"

నేను కొంగు సర్దుకున్నాను.

"జైల్లో నన్ను చూడ్డానికి ములాఖత్‌కు వచ్చినప్పుడల్లా మా ఆవిడ దాని సంగతే చెప్పేదమ్మా. ఇంతుంటుందని చేత్తో చూపించేది. బయటికొస్తే ముందు దానికే దణ్ణం పెట్టుకుంటానని మొక్కుకున్నా."

"తోమడానికి లోపల పెట్టాను నాయనా" అన్నాను.

వెళ్లి తెచ్చాను. బీరువాలో, చీరల అడుగున ఉంది. పాత కండువాలో చుట్టి ఉంది. తొందరలో ఆ కండువాతో సహా పట్టుకొచ్చేశాను. అక్కడే విప్పాల్సి వచ్చింది, అందరి ముందూ.

అతను కండువా చూశాడు. దీపం చూశాడు. నిజానికి దానికి మసి లేదు. మొన్నే తోమాను.

"బాగా మెరుస్తోందమ్మా" అన్నాడు.

రెండడుగులు వెనక్కి వేసి, గుమ్మం దగ్గర నుంచే దణ్ణం పెట్టాడు. ఆవిడ నా మొహం చూడలేదు. టీ పెట్టాను, తాగలేదు. పనుందన్నారు.

వాళ్లు వెళ్లాక ఆయన చాలాసేపు కాగితాలు తిరగేశారు. తర్వాత మెల్లగా అన్నారు.

"జడ్జిగారు బెయిల్ రద్దు చేశారా?"

నవ్వుతూ అనలేదు. నవ్వుతూ అంటే బాగుండేది.

"మసి పట్టిందండీ" అన్నాను.

"ఊఁ" అన్నారు.

జూలై 12

ఇస్త్రీ ఆవిడ దణ్ణానికి రాలేదు. పనుండి ఉంటుంది.

జూలై 13

రాలేదు. మొక్కు తీరిపోయింది కదా, ఇంకెందుకు వస్తుంది.

జూలై 14

రాలేదు. దీపం వెలిగించాను గానీ ఏం అడగాలో తోచలేదు. రెండోవాడి మాట వినిపించారా అని ఆయన్ను అడిగిన నోరు ఇది. అలాగే నిలబడి వచ్చేశాను.

జూలై 15

నేనే వెళ్లాను. చేతిలో సాకుకు రెండు చీరలు.

వీధి మలుపులో, గొడుగంత రేకు కింద ఇస్త్రీ బండి. అతను అక్కడే ఉన్నాడు. కొట్టు పని పోయింది కాబోలు, బొగ్గులు విసురుతున్నాడు. ఆవిడ చీరలు అందుకుంది. "సాయంత్రానికి అవుతాయమ్మా" అంది. నా మొహం చూడలేదు.

నాకు మామూలుగానే గొంతు చిన్నది. ఆ రోడ్డు మీద అది నాకే వినబడలేదు. రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

"రేపు పొద్దున రండి. ఇద్దరూ. దీపం పెట్టే వేళకు."

ఆవిడ అతని వైపు చూసింది. అతను విసనకర్ర ఆపాడు. మొహంలో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది.

"రేపు కూడా తోమడానికి లోపల పెడతారా అమ్మా?"

"తోమను" అన్నాను.

ఆవిడ ఫక్కుమని నవ్వేసింది. బొగ్గు పొగకో ఏమో నాకు కళ్లు మండాయి. చీరలు అక్కడే వదిలేసి వచ్చాను.

జూలై 16

వచ్చారు. టీ తాగారు. అతను కుర్చీలో కూర్చున్నాడు.

దీపానికి ఇప్పుడు నిజంగానే మసి పట్టింది. ఉండనీ.